లేదని రాసిచ్చిన చీటీలు

ఆ కాలేజీ లైబ్రరీలో గణితం, గణాంకశాస్త్రం వ్యాసాలు వెతికిపెట్టే ఆవిడను విద్యార్థులు భూతద్దం మేడం అనేవాళ్ళు. ఎదురుగా కాదు, మెట్ల మీద. ఆవిడకు ఆ సంగతి తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. పేరంటే ఊరికే రాదు కదా. "రచయిత ఎవరో గుర్తులేదు మేడం, వ్యాసం పేరు సగమే గుర్తుంది, పత్రిక అట్ట మాత్రం నీలం రంగు" అని వచ్చినవాడికి కూడా మధ్యాహ్నం లోపల ఆ వ్యాసం తీసి చేతిలో పెట్టేది.

చిత్రమేమిటంటే ఆవిడకు లెక్కలు రావు. పదో తరగతి లెక్కల పరీక్షలో వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. ఇరవై రెండో ఏట కేటలాగు కార్డులు టైపు చేసే పనిలో చేరింది. అప్పట్లో లెక్కల విభాగానికి పెద్దగా ఉన్న ఒక ముసలి ప్రొఫెసరు రోజూ వచ్చి సూచీ సంపుటాలు తిరగేసేవాడు. కళ్ళు ఆనక, ఒకరోజు ఆవిడను పిలిచి చదివించుకున్నాడు. ఆవిడ తడబడుతుంటే నవ్వి, "వ్యాసం అర్థం కానక్కర్లేదమ్మాయ్. పేరు చూడు. మొదటి పేరా చూడు. చివర ఎవరెవరి వ్యాసాలు తలుచుకున్నాడో ఆ జాబితా చూడు. మధ్యలోవన్నీ మా పాట్లు, వాటి జోలికి పోకు" అన్నాడు. ఆవిడ చదువంతా ఆ నాలుగు ముక్కలే. ఒక వ్యాసం చివరి జాబితా పట్టుకుని దానికి ముందుదానికి, దాని జాబితా పట్టుకుని ఇంకా ముందుదానికి, దూరపు చుట్టరికం ఆరా తీసినట్టు వెనక్కి వెనక్కి పోయేది. ఏ విషయానికి సూచీలో ఏ అంకె ఇచ్చారో, వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తెలిసినంత బాగా తెలుసు. కార్డులు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆ వెతుకులాట మారలేదు.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. పరిశోధనలో చేరేవాళ్ళు, తాము ఎంచుకున్న ప్రశ్నకు అంతకుముందే ఎవరైనా జవాబు రాసేశారేమో లైబ్రరీలో వెతికించి, ఒక చీటీ తెచ్చి దరఖాస్తుకు జతచేయాలి. దాన్ని శోధన చీటీ అంటారు. ఏ మాటలతో వెతికారు, ఎక్కడ వెతికారు, ఏ తేదీన, చివర 'ఉంది', 'లేదు' అని రెండు గడులు. కింద సంతకం. సంతకం భూతద్దం మేడందైతే పరిశీలన కమిటీలో పెద్దలు ఇంకేమీ అడగకుండా పేజీ తిప్పేసేవాళ్ళు. లెక్కలు రాని మనిషి మాట మీద లెక్కల పండితులు నడిచిన కాలేజీ అది. ముప్ఫై నాలుగేళ్ళు ఆ మాట చెల్లింది. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతుందనగా దెబ్బ తగిలింది.

ఆ సోమవారం ఆవిడ బల్ల మీద పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. కాసేపటికి మనస్తత్వశాస్త్రం లెక్చరరు ఒకాయన వచ్చి, సర్వేల్లో మధ్యలో మానేసే మనుషుల మీద ఏవైనా వ్యాసాలు కావాలన్నాడు. ఏడాదిపాటు వెయ్యిమందిని ప్రశ్నలు అడుగుదామని మొదలుపెడతారు, మూడో నెలకల్లా రెండు వందల మంది తలుపు తీయరు, మిగిలినవాళ్ళ జవాబులతోనే సగటు కట్టేస్తే అది ఎంతవరకు తప్పుతుంది అన్నది ప్రశ్న. ఆవిడకు ఇది కొట్టినపిండి. ఐదేళ్ళ కిందట ఒక అమ్మాయికి ఇదే విషయం మీద శోధన చీటీ రాసిచ్చింది. ఆ మాటలే మళ్ళీ కొట్టింది. పాత కంప్యూటర్లో అరవై చిల్లర వ్యాసాలు వచ్చేవి. ఇప్పుడు రెండు వందల పద్నాలుగు వచ్చాయి.

కొత్త యంత్రానికి మతి పోయిందనుకుంది ముందు. తర్వాత తెర పక్కనున్న గడుల వరస చూసింది. 'మన లైబ్రరీలో పూర్తిగా దొరికేవి మాత్రమే చూపు' అన్న గడి ఖాళీగా ఉంది. ఆవిడ చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది.

పాత కంప్యూటర్లో ఆ గడిలో టిక్కు పెట్టింది ఆవిడే, తొమ్మిదేళ్ళ కిందట. మంచికే పెట్టింది. అంతకుముందు ఏం వెతికినా బారెడు జాబితా వచ్చేది, అందులో ముప్పాతిక మన దగ్గర దొరకనివే. పిల్లలు ఆశగా పేర్లు రాసుకోవడం, తీరా అడిగితే లేదనిపించుకోవడం, ముఖాలు వేలాడేయడం. "లేనివి చూపించి ఊరించకండి" అని లైబ్రరీ అధికారి కూడా ఒకసారి విసుక్కున్నాడు. అందుకని చదువుకోడానికి ఏదో ఒకటి కావాలని వచ్చేవాళ్ళ కోసం టిక్కు పెట్టడం, శోధన చీటీ కోసం వచ్చినప్పుడు తీసేయడం అలవాటు చేసుకుంది. కొన్నాళ్ళు జాగ్రత్తగా తీసింది. ఆ యంత్రం ఒకసారి పెట్టిన టిక్కును తనంతట తాను వదలదు. తర్వాత ఎప్పుడో, ఏ రోజో ఆవిడకే తెలియదు, తీయడం మానేసింది. కళ్ళెదుట పెట్టుకున్న వస్తువు రోజూ చూస్తుంటే కనబడడం మానేస్తుంది కదా, అదీ అంతే.

రెండు వందల పద్నాలుగింటినీ ఒక్కొక్కటే చదువుతూ పోయింది. నలభై ఒకటో దాని దగ్గర ఆగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటి వ్యాసం, ఒక చిన్న గణాంక పత్రికలోది, ఆ పత్రికను కాలేజీ ఎప్పుడో మానేసింది. తర్వాత దాన్ని తలుచుకున్నవాళ్ళు ఇద్దరే, వాళ్ళవీ చిన్న పత్రికలే. ఏ జాబితా పట్టుకుని వెనక్కి వెళ్ళినా తగిలే దారి లేదు. ఐదు వరుసల సారాంశం చదివింది. 'తప్పుకోవడానికీ ఇవ్వబోయే జవాబుకూ సంబంధం ఉన్నప్పుడు, మిగిలినవారి సగటు తప్పగల హద్దు' అని ఉంది. ఐదేళ్ళ కిందట చీటీ మీద ఆ అమ్మాయి ప్రశ్నను తన చేత్తోనే రాసింది ఆవిడ. మాటలు కొంచెం అటూ ఇటూ, ప్రశ్న అదే.

వేరే లైబ్రరీకి రాసి కాపీ తెప్పించింది. గురువారం వచ్చింది, పద్నాలుగు పేజీలు. ఆ అమ్మాయి థీసిస్ ప్రతి ఆవిడ సొరుగులోనే ఉంది. చివరి గ్రంథసూచిలో పేర్లు, సంవత్సరాలు సరిగా ఉన్నాయో లేదో చూసిపెట్టమని ఇచ్చి వెళ్ళింది. నూట అరవై పేజీలు. ఇంకో తొమ్మిది రోజుల్లో సమర్పించాలి. మూడో అధ్యాయంలోని ముఖ్య సిద్ధాంతాన్నీ, వ్యాసంలో ఆరో పేజీలోని సిద్ధాంతాన్నీ పక్కపక్కన పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి, ముసలి ప్రొఫెసరు వద్దన్న మధ్య పేజీల జోలికి పోయింది. అర్థం కాలేదు. కానీ అర్థం కావాల్సిన పనేముంది. అక్షరాలు వేరు, ఒడ్డూ పొడుగూ ఒకటే. అక్కడా పైన మూడు షరతులు, ఇక్కడా మూడు షరతులు. అక్కడా భిన్నం మీద వర్గమూలం, ఇక్కడా అదే. కవలపిల్లలకు వేరే రంగు చొక్కాలు తొడిగితే తల్లి పోల్చుకోదా.

దొరికినవాళ్ళతోనే లెక్క కట్టేస్తే తప్పొస్తుందని ఆ అమ్మాయి నూట అరవై పేజీలు రాసింది. దొరికిన వ్యాసాలు మాత్రమే చూసి, ఇంకేమీ లేదని ఆ అమ్మాయికి రాసిచ్చింది ఈవిడ. కాపీని థీసిస్ లోపల పెట్టి సొరుగుకు తాళం వేసింది.

ఆ అమ్మాయి గురించి రెండు ముక్కలు చెప్పాలి. అమ్మాయి అంటున్నాం గానీ ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. సాయంత్రం తరగతులకు తాత్కాలిక లెక్చరరుగా తొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతోంది. ప్రతి సెలవుల ముందూ తీసేయడం, సెలవులయ్యాక మళ్ళీ పిలవడం. ఈసారి విభాగంలో ఒక పర్మినెంటు ఉద్యోగం ఖాళీ పడింది. నెలాఖరుకు డాక్టరేటు థీసిస్ సమర్పించినవాళ్ళే అర్హులు. ఇంట్లో మంచాన పడ్డ తండ్రి, ఆయన దగ్గర కూర్చోడానికి ఒక పిన్ని. ఐదేళ్ళుగా ఆ అమ్మాయి పొద్దున పదింటికి లైబ్రరీకి వచ్చి, మేడం పక్క కుర్చీలో కూర్చుని, అదే కంప్యూటర్ మీద వెతుక్కునేది. చదువుకునే హాల్లో యంత్రాలు నత్తనడకని, "నువ్వు ఇక్కడే కూర్చోమ్మా" అని పిలిచి కూర్చోబెట్టింది మేడమే.

మేడం భర్త దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. చొక్కాల కాలర్లు కుట్టడంలో ఆయన్ను మించినవాడు లేడని పేరు. కాలేజీ లెక్చరర్లలో సగంమంది ఆయన దగ్గరే కుట్టించుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం కాజాలు కుడుతూ కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్ళి ముక్కాలిపీట మీద కూలబడి ఆవిడ సంగతంతా చెప్పింది. ఆయన సూది ఆపకుండా విన్నాడు.

"ఇప్పుడేమంటావోయ్?" అన్నాడు చివరికి.

"చెప్పాలా వద్దా అని."

"వద్దు."

"అంత తేలిగ్గా అంటారేంటండీ."

"ముప్ఫై ఏళ్ళుగా ఎవడూ చూడని కాయితం. నువ్వు చెప్పకపోతే ఇంకో ముప్ఫై ఏళ్ళు ఎవడూ చూడడు. ఆ పిల్లకి ఉద్యోగం వస్తుంది. నీ పేరు నిలబడుతుంది. చెప్పావనుకో, రెండూ పోతాయి. ఎవరికి లాభం?"

"ఎవరైనా తర్వాత పట్టుకుంటే?"

"పట్టుకుంటే అప్పుడు ఏడుద్దాం. ఇప్పట్నుంచే ఎందుకు?"

ఆయన చెప్పింది తప్పని తెలుస్తూనే ఉంది. తప్పయినా అందులో ఒక సుఖం ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎంత హాయిగా ఉంటుందో ఆవిడకు ఆ మధ్యాహ్నం బాగా అర్థమైంది. రెండు రోజులు అలాగే తాగింది. ఆ రెండు రోజులూ అమ్మాయి పక్క కుర్చీలో కూర్చుని, "గ్రంథసూచి అయిందా మేడం?" అని అడగడం, "ఇంకా రెండు పేజీలున్నాయమ్మా" అని ఈవిడ అబద్ధమాడడం. రెండో రోజు అమ్మాయి కృతజ్ఞతల పేజీ తెచ్చి చూపించింది. 'లెక్కలేనన్ని వ్యాసాల మధ్య నాకు దారి చూపిన మా లైబ్రరీ మేడంకు' అని రాసి ఉంది. ఆవిడకు ఇక పాలు దిగలేదు. సొరుగు తాళం తీసి కాపీ బల్ల మీద పెట్టింది.

"ఇది చదువమ్మా."

అమ్మాయి నిలబడే అందుకుంది. రెండో పేజీకి కూర్చుంది. ఆరో పేజీ దగ్గర పెన్సిలు తీసి, ఏదో రాయబోయి మానేసింది. పద్నాలుగు పేజీలూ చదవలేదు, అక్కర్లేకపోయింది.

"ఎక్కడిది మేడం ఇది?"

ఆవిడ చెప్పింది. కొత్త కంప్యూటర్ సంగతీ, గడి సంగతీ, తొమ్మిదేళ్ళ టిక్కు సంగతీ ఏదీ దాచకుండా చెప్పింది. "తప్పు నాదమ్మా. పూర్తిగా నాదే" అంది.

"మూడో అధ్యాయం పోయింది" అంది అమ్మాయి. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు, తరగతిలో జవాబు చెప్పినట్టుంది. "నాలుగోది సగం దీని మీదే నిలబడింది. అదీ పోయినట్టే. నేను కూడా వెతికాను మేడం. ఇక్కడే, ఈ కుర్చీలోనే, ఈ బల్ల మీదే. ఎన్నిసార్లు వెతికానో."

"తెలుసమ్మా."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"సోమవారం అనుమానం వచ్చింది. గురువారం ఖాయమైంది."

"ఇవాళ మంగళవారం."

అమ్మాయి కాపీని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నా ఒక్కదాని చీటీయేనా మేడం, ఆ టిక్కుతో వెతికింది?"

సోమవారం నుంచి ఆవిడ అన్నీ ఆలోచించింది. ఈ అమ్మాయి తండ్రి గురించి, ఉద్యోగం గురించి, తన రిటైర్మెంటు గురించి, మెట్ల మీద పిల్లలు ఇకమీదట ఏమనుకుంటారన్న దాని గురించి కూడా. ఈ ఒక్క ప్రశ్న దగ్గరికి మాత్రం మనసు పోలేదు. పోలేదో, పోనివ్వలేదో.

కమిటీ మరుసటి వారం కూర్చుంది. అమ్మాయి తనంతట తానే మూడు, నాలుగు అధ్యాయాలు వెనక్కి తీసుకుంది. 'ఉంది' అని దిద్ది రాసిన కొత్త చీటీని మేడం స్వయంగా పట్టుకెళ్ళింది. గుమాస్తా దాన్నీ పాతదాన్నీ చెరో చేత్తో పట్టుకుని, "రెండింటి మీదా మీ సంతకమే. ఏది ఫైలు చేయమంటారు?" అన్నాడు. "రెండూ" అంది ఆవిడ.

కమిటీలో అందరికన్నా చిన్నవాడు, అందరికన్నా గట్టిగా మాట్లాడేవాడు ఇస్త్రీ సార్. మడత నలగని చొక్కాలు వేస్తాడని ఆ పేరు. ఆ చొక్కాలు కుట్టేది మేడం భర్తే. "లైబ్రరీ చీటీ పట్టుకుని కూర్చుంటే పరిశోధన అవుతుందా?" అన్నాడాయన అమ్మాయితో. "ఎవరో లేదంటే లేదనుకోవడమేనా? పరిశోధకులన్నవాళ్ళు నాలుగు చోట్ల స్వయంగా వెతుక్కోవాలి. ఆమాత్రం నిజాయితీ ఉండాలి." నిజాయితీ అన్న మాట దగ్గర అమ్మాయి తలెత్తి చూసింది. మేడం కల్పించుకుని, "ఆ అమ్మాయి వెతికింది సార్, నా కంప్యూటర్ మీదే వెతికింది" అంటే, "మిమ్మల్ని అడిగినప్పుడు చెబుదురుగాని" అన్నాడు. ఏడాది గడువిచ్చారు. పర్మినెంటు ఉద్యోగం వేరే ఎవరికో పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ నెలలోనే అమ్మాయి తండ్రికి జబ్బు ముదిరింది.

కమిటీ కూర్చున్న రోజే మేడం లైబ్రరీ అధికారి గదికి వెళ్ళి, తొమ్మిదేళ్ళలో తను లేదని రాసిచ్చిన చీటీలన్నీ మళ్ళీ వెతుకుతానంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎన్ని ఉంటాయి?"

"ఫైల్లో చూశాను. నలభై మూడు."

"అందులో చాలామందికి డిగ్రీలు వచ్చేశాయి, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మానిన పుండు గోకుతానంటారేంటి? ఒకటి తప్పింది, ఒప్పుకున్నారు, అయిపోయింది."

"ఒకటే తప్పిందో లేదో తెలియదు కదండీ."

"తెలియకపోతే నష్టమేంటి?"

"సంతకం నాది" అంది ఆవిడ. ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు. రాతపూర్వకంగా తననేమీ అడగొద్దని మాత్రం చెప్పాడు. పై అధికారుల భాషలో దాన్ని అనుమతి అంటారు.

మొదలుపెట్టింది. మామూలు పని మామూలుగా చేస్తూ, మిగిలిన వేళ పాత చీటీ ఒకటి తీసి, గడి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, వేలితో తెర మీద తాకి మరీ చూసుకుని వెతికేది. ఒక్కో చీటీకి రెండు మూడు రోజులు పట్టేది. చాలావాటికి 'లేదు' అన్నది నిలబడింది. నిలబడినప్పుడల్లా ఆవిడకు ఊపిరి వచ్చేది. నాలుగో చీటీ నిలబడలేదు. పదకొండోది నిలబడలేదు. వాళ్ళెక్కడున్నారో కనుక్కుని ఉత్తరాలు రాసి, వ్యాసం కాపీ జతచేసి పంపింది. ఒకరు మర్యాదగా ధన్యవాదాలు చెప్పారు. ఒకరు ఫోన్ చేసి, ఇప్పుడెందుకు ఇదంతా అని కడిగిపారేశారు. ఆవిడ కిక్కురుమనకుండా విని పెట్టేసింది. ఇంట్లో భర్త, "నీకు నిద్రపోయిన కుక్కను లేపడం తప్ప వేరే పని లేదా" అని రోజూ సణిగేవాడు. మెట్ల మీద కొత్త పేరేదో పెట్టారని కూడా చూచాయగా తెలిసింది. అదేమిటో ఆవిడ కనుక్కోలేదు.

అమ్మాయి మళ్ళీ లైబ్రరీకి రావడం మొదలుపెట్టింది. పక్క కుర్చీలో కూర్చోవడం లేదు. హాల్లో ఆ చివర కిటికీ దగ్గర, నత్తనడక యంత్రం ముందు కూర్చుని రాసుకునేది. ఎదురైతే తలూపేది. మేడం పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది.

ఇరవై ఏడో చీటీ ఇస్త్రీ సార్‌ది. ఎనిమిదేళ్ళ కిందటిది. ఆ రోజుల్లో ఆయన ఇంకా సార్ కాదు, మోచేతుల దగ్గర వెలిసిన చొక్కాతో వచ్చి వినయంగా నిలబడే విద్యార్థి. వెతికింది. ఉంది. తొమ్మిది పేజీల వ్యాసం, ఆయన థీసిస్ కన్నా పన్నెండేళ్ళు ముందుది. కాపీ తెప్పించుకుని, కొత్త చీటీ రెండు ప్రతులు రాసి, మేడమీద ఆయన గదికి వెళ్ళింది. వెళుతున్నప్పుడు ఆవిడకు ఆయన మీద జాలే ఉంది. పాపం, తన తప్పుకు ఈయన కూడా బలి అయ్యాడనుకుంది.

"సార్, మీ పాత శోధన చీటీ మళ్ళీ వెతికాను. ఒక వ్యాసం ఉంది" అని కాపీ బల్ల మీద పెట్టింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆవిడ ముందు గమనించింది అదే. ఎన్నడూ చూడని వ్యాసం ఎదుట పెడితే ఎవరైనా పేరైనా చదువుతారు. ఆయన లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"కూర్చోండి మేడం."

కూర్చుంది.

"ఇది నేను చూశాను. అప్పుడే."

"అప్పుడే అంటే?"

"మీరు చీటీ ఇచ్చిన ఏడాదికి. ఒక సదస్సులో ఎవరో చెబితే తెప్పించుకుని చదివాను."

"చదివి?"

"మీరు లేదని రాసిచ్చారు కదా మేడం. సంతకం పెట్టి మరీ. మీ మాటంటే ఇక్కడ అందరికీ గురి. ఇక నేనెందుకు తవ్వి పోసుకోవడం అనుకున్నాను. ఎవరూ అడగలేదు కూడా." మెచ్చుకుంటున్నట్టే అన్నాడు ఆ మాట.

ఆవిడ కొంతసేపు ఆయన కాలర్ వైపు చూస్తూ ఉండిపోయింది. తన భర్త కుట్టిన కాలరే.

"ఆ రోజు కమిటీలో ఆ అమ్మాయిని నిజాయితీ ఉండాలన్నారు మీరు."

"అనాల్సి వచ్చింది. నేను మెతకగా మాట్లాడితే, ఈయన చీటీ కూడా ఆ రోజుల్లోదే కదా అని ఎవరికైనా తట్టేది." గొంతు తగ్గించాడు. "ఇంకో మూడు నెలల్లో వెళ్ళిపోతున్నారు మీరు. ఇది ఇక్కడితో వదిలేయండి. మీ పేరూ మిగులుతుంది, నా ఉద్యోగమూ మిగులుతుంది."

"ఇది మీ ప్రతి సార్" అని ఆవిడ ఒక చీటీ కాపీ మీద పెట్టి లేచింది. "రెండోది ఫైల్లో ఉంటుంది. దీంతో పాటు మీరిప్పుడు చెప్పింది కూడా రాసి కమిటీకి పంపుతున్నాను."

"మేడం, ఆలోచించండి."

"రెండు రోజులు ఆలోచించాను సార్, ఆ అమ్మాయి విషయంలో. దానికే సిగ్గుపడుతున్నాను."

మెట్లు దిగింది. ఆవిడకు అంత కోపం ఎన్నడూ రాలేదు. ఇన్నాళ్ళూ పొరపాటు చేశానన్న బాధే ఉండేది. పొరపాటును ఒకడు చూసి, బాగుందని ఉంచేసుకున్నాడన్న సంగతి ఇప్పుడే తెలిసింది. ఆవిడ మాట నమ్మిన పిల్ల ఐదేళ్ళ కష్టం పోగొట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఆ మాట అబద్ధమని తెలిసినవాడు దాన్ని గొడుగులా పట్టుకుని, ఎండ తగలకుండా ఏడేళ్ళు నడిచి కమిటీలో కుర్చీ ఎక్కాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా తన మాటకు విలువ ఉందని మురిసింది ఈ విలువ చూసుకునా అనిపించింది.

కమిటీకి ఉత్తరం రాసింది. ఒక పేజీ. ఆయన అన్న మాటలు అన్నట్టుగా, తన టిక్కు సంగతి ఉన్నదున్నట్టుగా రాసి, గుమాస్తాకు ఇచ్చి రసీదు తీసుకుంది. దానివల్ల ఏమవుతుందో ఆవిడకు తెలియదు. ఏమీ కాకపోవచ్చని కూడా తెలుసు. తిరిగి వచ్చేసరికి అమ్మాయి ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఉంది. కూర్చోలేదు. బల్ల మీదున్న చీటీల కట్ట చూస్తోంది.

"ఎన్ని అయ్యాయి మేడం?"

"ఇరవై ఏడు."

"ఎన్ని తప్పాయి?"

"నీదీ కలిపి నాలుగు."

"అందులో నాలాగా నష్టపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

'లేరు' అన్న మాట ఆవిడకు వెంటనే నోటిదాకా వచ్చింది. ఆపుకుంది. తొమ్మిదేళ్ళు 'లేదు' అని ఎంత తేలిగ్గా రాసిందో గుర్తొచ్చి ఆపుకుంది.

"ఇప్పటిదాకా వెతికినంతలో లేరమ్మా" అంది. "ఇంకా పదహారు ఉన్నాయి." కళ్ళు తుడుచుకుని, ఇరవై ఎనిమిదో చీటీ తీసింది.